బైబిల్ నిజమేనా? అడిగేది ఒక్క ప్రశ్న కాదు, మూడు

ఊర్ల యూత్ వాట్సాప్ గ్రూపులల్ల బైబిల్ మీద రెండు తీర్ల వీడియోలు తిరుగుతుంటయ్. ఒకటేమో నోవహు ఓడ దొరికింది, సైన్స్ గూడ ఒప్పుకున్నది అంటది. ఇంకోటేమో బైబిల్ మొత్తం రోమ్ చక్రవర్తి కూసోని రాయించిన కథ అంటది. చర్చికి పోయే పోరగాళ్లు మొదటిదాన్ని ఫార్వర్డ్ చేస్తరు, పోనోళ్లు రెండోదాన్ని. నడుమ ఎవడన్న ఆధారం ఏందని అడిగితే రెండు దిక్కుల నుంచి తిట్లు పడ్తయ్.

అసలు ముచ్చట ఏందంటే, ఆ రెండూ తప్పే. ఓడ దొరకలే. టర్కీ కొండల్ల ఓడ ఆకారంల కనబడే దిబ్బను భూగర్భ శాస్త్రవేత్తలు పరీక్ష చేసి, అది సహజంగ ఏర్పడ్డదే అని చెప్పిండ్రు. ఇగ రోమ్ చక్రవర్తి సంగతి. 325లో కాన్‌స్టంటైన్ నైసియాల సభ పెట్టించింది నిజమే. కానీ ఆ సభ కూసున్నది యేసు దైవత్వం మీద లేసిన తగాద తెంపెటందుకు. బైబిల్ల ఏ పుస్తకాలు ఉండాలె, ఏవి ఉండొద్దు అన్నది ఆడ తేల్చలే. ఇప్పుడున్న కొత్త నిబంధన 27 పుస్తకాలు సరిగ్గ గవే కనబడే మొదటి జాబితా 367లో అలెగ్జాండ్రియా బిషప్ అతనేసియస్ రాసిన ఉత్తరంల ఉన్నది. అంటే సభ అయిపోయిన 42 ఏండ్లకు. 2003లో డావిన్సీ కోడ్ నవల వచ్చినంక ఈ నైసియా కథ దునియంత పాకింది. నవలను చరిత్ర పుస్తకం లెక్క చదివితే గిట్లనే ఐతది.

మరి నిజం ఏడున్నది? "బైబిల్‌ను నమ్మొచ్చా?" అన్నది చూసెటందుకు ఒక్క ప్రశ్నే. కానీ దాని కడుపుల మూడు ప్రశ్నలున్నయ్. ఒకటి, అప్పుడు రాసింది రాసినట్టే మన చేతికి వచ్చిందా? రెండు, దాంట్ల ఉన్న రాజులు, ఊర్లు, సంగతులు చరిత్రతోని కలుస్తయా? మూడు, అది దేవుని మాటనేనా? ఈ మూడింటికీ జవాబు దొరికే తోవలు వేరు. వడ్లు జోకే కాంటా మీద బంగారం జోకరు గదా. ఈ ఫరక్ తెల్వకనే సగం కొట్లాటలు. ఒక్కొక్కటి చూద్దాం.

రాసింది రాసినట్టే వచ్చిందా?

ముందుగాల ఒక సంగతి ఒప్పుకోవాలె. బైబిల్ రాసినోళ్ల సొంత చేతిరాత ఇయ్యాల ఒక్క ముక్క గూడ లేదు. ఉన్నయన్నీ నకళ్లే. అచ్చు మిషన్ లేని కాలంల మనిషి చూసి మనిషి రాసిండు. గట్ల రాసేటప్పుడు అక్షరం జారుతది, ఒక్కోపారి లైనుకు లైనే ఎగిరిపోతది. పక్కన రాసుకున్న వివరణ తర్వాతి నకల్ల అసలు మాటల్ల కలిసిపోతది. మన వేమన పద్యాలకు గూడ ఇదే గతి పట్టింది. సి.పి. బ్రౌన్ 1829లో వేమనను అచ్చేయించే ముందు ఎన్నో రాతప్రతులు జమ చేసి, పక్కపక్కన పెట్టి పోల్చి చూసిండు. బైబిల్ పండితులు చేసేదీ గదే పని. నకళ్లు ఎన్ని ఎక్కువుంటే, ఎంత పాతవైతే, తప్పు దొరకబట్టుడు అంత అల్కగ ఐతది.

పాత నిబంధన సంగతి తీసుకుందాం. హీబ్రూ భాషల నిండుగ మిగిలిన పాత నిబంధన ప్రతులల్ల అన్నిటికన్న పాతది 1008 ప్రాంతంల రాసిన లెనిన్‌గ్రాడ్ ప్రతి. యెషయా ప్రవక్త బతికింది క్రీస్తు పూర్వం 8వ శతాబ్దంల. నడుమ 1,700 ఏండ్ల ఖాళీ. ఇంత కాలంల ఎన్ని మార్పులు చేసిండ్రో ఎవరికెరుక అని అనుమానించెటోళ్లకు జవాబు చెప్పుడు కష్టంగ ఉండేది.

1947 ప్రాంతంల మృత సముద్రం ఒడ్డున, కుమ్రాన్ దగ్గర, బెదూయిన్ కాపర్లకు ఒక గుహల మట్టి కుండలు దొరికినయ్. వాటిల తోలు మీద రాసిన చుట్టలు ఉన్నయ్. 1956 దాక వెతికితే 11 గుహలల్ల 900కు పైగ ప్రతుల ముక్కలు బయటపడ్డయ్. అండ్ల ఏడు మీటర్లకు పైన పొడుగున్న యెషయా గ్రంథం చుట్ట ఒకటి. క్రీస్తు పుట్టకముందే రాసింది. అంటే లెనిన్‌గ్రాడ్ ప్రతి కన్న వెయ్యేండ్లకు పైగ పాతది. రెండూ పక్కన పెట్టి చూస్తే ఏం తేలింది? తేడాలు వేలల్ల ఉన్నయ్. కానీ శానా మట్టుకు అక్షరాల రాతల్ల, చిన్న చిన్న మాటల్ల ఉన్న తేడాలే. గ్రంథం మాత్రం అదే గ్రంథం. వెయ్యేండ్లు చేతిరాతతోని గింత జాగ్రత్తగ దాటించుడు మామూలు పని కాదు.

గిక్కడి దాక చెప్పి ఆపితే సగం నిజం చెప్పినట్టే. అదే గుహలల్ల యిర్మీయా గ్రంథం రెండు తీర్లుగ దొరికింది. ఒకటి ఇప్పటి హీబ్రూ బైబిల్‌తోని కలుస్తది. ఇంకోటి దానికన్న పొట్టిగున్న, వరుస గూడ వేరేగ ఉన్న పాఠం. పాత గ్రీకు అనువాదంల ఉన్నది ఆ పొట్టి పాఠమే. అంటే ఆ కాలంల ఒకే గ్రంథానికి రెండు రూపాలు నడిచినయ్. ఒక్క అక్షరం గూడ మారలే అనెటోళ్ల మాట గీడ నిలబడది. అంత మార్చి పారేసిండ్రు అనెటోళ్ల మాట యెషయా దగ్గర నిలబడది.

కొత్త నిబంధన సంగతికొస్తే, గ్రీకు భాషల 5,000కు పైగ రాతప్రతులు లెక్కకెక్కినయ్. వాటిల ఎక్కువ శాతం 9వ శతాబ్దం తర్వాతియే. కానీ కొన్ని మస్తు పాతవి. ఇంగ్లండ్ల మాంచెస్టర్ జాన్ రైలాండ్స్ లైబ్రరీల ఏటీఎం కార్డంత పపైరస్ ముక్క ఒకటి ఉన్నది. దాని మీద యోహాను సువార్త 18వ అధ్యాయం, అంటే యేసు పిలాతు ముందు నిలబడ్డ ఘట్టం, కొంచెం కనబడ్తది. శానా మంది పండితులు దాన్ని 2వ శతాబ్దానిది అంటరు. 4వ శతాబ్దం నాటికి సినాయ్ ప్రతి, వాటికన్ ప్రతి అనే పెద్ద పుస్తకాలే దొరుకుతున్నయ్. సినాయ్ ప్రతిని బ్రిటన్ 1933లో సోవియట్ సర్కారు దగ్గర లక్ష పౌండ్లు పెట్టి కొన్నది.

ఇన్ని ప్రతులున్నయ్ కాబట్టి తేడాలు గూడ లక్షల్ల ఉన్నయ్. శానా వరకు అర్థం మార్చని రాత తప్పులే. కానీ రెండు పెద్ద చోట్లు అందరికీ తెలిసి ఉండాలె. వ్యభిచారంల పట్టుబడ్డ ఆడామెను రాళ్లతోని కొట్టకుండ యేసు కాపాడిన కథ యోహాను సువార్తల ఉన్నది గదా, అది మొదటి కాలపు ప్రతులల్ల కనబడది. అట్లనే మార్కు సువార్త చివరి అధ్యాయంల 9 నుంచి 20 దాక ఉన్న 12 వచనాలు సినాయ్ ప్రతిల లేవు, వాటికన్ ప్రతిల లేవు. ఆ వచనాలు తర్వాత కలిసినయని పండితులల్ల ఎక్కువ మంది అభిప్రాయం.

ఇది పుస్తకాల పురుగుల తగాద, మనకెందుకు అనుకోవద్దు. నమ్మినోళ్లు పాముల్ని పట్టుకున్నా, విషం తాగినా ఏమీ కాదన్న మాట ఉన్నది ఆ 12 వచనాలల్లనే. అమెరికాల అపలాచియన్ కొండ ప్రాంతంల కొన్ని చర్చిలు ఆ మాటను పట్టుకొని ఆరాధనల విషప్పాముల్ని చేతుల్ల పట్టుకునుడు మొదలువెట్టినయ్. దాన్ని బాగ వ్యాప్తి చేసిన జార్జ్ హెన్స్‌లీ 1955లో పాము కాటుకే చనిపోయిండు. 2014లో కెంటకీల ఇంకో పాస్టర్ గట్లనే పోయిండు. పాత ప్రతులల్ల ఉన్నదా లేదా అని చూసుకోవాల్సిన మాట మీద మనుషులు పాణం పెట్టిండ్రు. ఏ వచనం గట్టిగ నిలబడ్డది, ఏది అనుమానంల ఉన్నది అని తెలుసుకునుడు గందుకే అవసరం.

తెలుగు బైబిల్ల వచనాలు ఎవరన్న తీసేసిండ్రా?

మన దిక్కు ఈ మాట తరచు ఇనబడ్తది. కొత్త అనువాదాలల్ల కొన్ని వచనాలకు కింద చిన్న అక్షరాలతోని నోట్ ఉంటది, కొన్నిటికి బ్రాకెట్లు ఉంటయ్. అది చూసి బైబిల్‌ను మార్చే కుట్ర జరుగుతున్నదని భయపడెటోళ్లు ఉన్నరు. సంగతి తారీఖుల్లనే తెలుస్తది.

1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ సువార్తల్ని తెలుగు చేసుడు మొదలువెట్టిండ్రు. ఆనందరాయర్ అనే తెలుగు బ్రాహ్మణ పండితుడు వాళ్లకు తోడైండు. ఆ ఇద్దరు మిషనరీలు కొన్నేండ్లకే చనిపోయినా పని ఆగలే. 1818లో కొత్త నిబంధన తెలుగుల అచ్చయింది. అప్పటికి సినాయ్ ప్రతి సంగతి లోకానికే తెల్వది. 1859లో జర్మన్ పండితుడు టిషెన్‌డార్ఫ్ సినాయ్ మఠంల చూసినంకనే దాని పేరు బయటికొచ్చింది. కుమ్రాన్ చుట్టలకు ఇంకో 88 ఏండ్లు పట్టింది. అంటే తొలి అనువాదకులు తమ చేతిల ఉన్న ప్రతులతోని చేసిండ్రు. తర్వాతోళ్లకు ఇంకా పాత ప్రతులు దొరికినయ్, దొరికిన సంగతి నిజాయితీగ కింద రాసిండ్రు. నోట్ పెట్టుడు దాచుడు కాదు, చెప్పుడు. దాచాలనుకున్నోడు నోట్ పెట్టడు.

చరిత్రతోని కలుస్తదా?

రెండో ప్రశ్నకు జవాబు పుస్తకాలల్ల కన్న ఎక్కువ మట్టిల దొరుకుతది. కొన్ని చోట్ల బైబిల్ మాట గట్టిగ నిలబడ్డది.

దావీదు అనే రాజే లేడు, అది ఒట్టి కథ అని కొంతమంది పండితులు వాదించెటోళ్లు. 1993లో ఉత్తర ఇజ్రాయెల్ల టెల్ దాన్ దగ్గర తవ్వకాలల్ల ఒక రాతి ముక్క దొరికింది. క్రీస్తు పూర్వం 9వ శతాబ్దంది. శత్రు రాజు తన గెలుపును చెప్పుకుంట చెక్కించిన ఆ శాసనంల దావీదు వంశం పేరు ఉన్నదని శానా మంది పండితులు ఒప్పుకున్నరు. దీనితోని దావీదు పేరు మీద రాజవంశం ఉన్నదని తేలింది. గొల్యాతును వడిసెల రాయితోని కొట్టిండా అన్నది మాత్రం ఈ రాయి చెప్పది.

హిజ్కియా రాజు నీళ్లను యెరూషలేము లోపలికి మళ్లించిండని బైబిల్ల ఉన్నది. కొండను తొలిచి చేసిన 533 మీటర్ల సొరంగం ఇయ్యాలటికీ ఉన్నది, నీళ్లల్ల నడుసుకుంట పోవచ్చు. రెండు దిక్కుల నుంచి తవ్వుకుంట వచ్చిన కూలీలు నడుమ ఎట్ల కలిసిండ్రో చెప్పే శాసనం 1880లో అండ్ల దొరికింది. హిజ్కియా మీదికి దండెత్తిన అష్షూరు రాజు సన్హెరీబు గూడ తన గెలుపుల్ని మట్టి దిమ్మెల మీద రాయించుకున్నడు. 46 కోట ఊర్లు పట్టుకున్న, హిజ్కియాను యెరూషలేములనే బంధించిన, కప్పం తీసుకున్న అని చెప్పుకున్నడు. యెరూషలేమును పట్టుకున్న అని మాత్రం చెప్పుకోలే. ఆ ఊరు చేతికి రాలేదన్న మాటల బైబిల్, శత్రువు రాత రెండూ కలుస్తయ్. దేవదూత వచ్చి సైన్యాన్ని కొట్టిండన్న బైబిల్ మాట దగ్గర అష్షూరు రాత సప్పుడు చెయ్యది.

పొంతి పిలాతు పేరు రోమన్ చరిత్రల ముందు నుంచే ఉన్నది. 1961లో సముద్రం ఒడ్డున కైసరయల ఇటలీ తవ్వకందార్లకు అతని పేరు, హోదా చెక్కిన రాయి దొరికింది. పాత నాటకశాల మెట్లకు వాడిన రాయి అది. ఇగ యేసు సంగతి. 116 ప్రాంతంల రాసిన రోమన్ చరిత్రకారుడు టాసిటస్‌కు క్రైస్తవులంటే ఏ మాత్రం గిట్టది. ఆయన గూడ క్రీస్తును తిబెరి కాలంల పిలాతు చంపించిండని రాసిండు. అంతకు ముందే యూదు చరిత్రకారుడు జోసెఫస్, యేసు తమ్ముడు యాకోబు సంగతి రాసిండు. అదే జోసెఫస్ పుస్తకంల యేసును పొగిడే ఇంకో భాగం ఉన్నది. దాంట్ల తర్వాత క్రైస్తవులు మాటలు కలిపిండ్రని పండితులు దాదాపుగ అందరూ అంటరు. ఆ భాగాన్ని మొత్తంగ సాక్ష్యం కింద చూపెట్టే ప్రసంగాలు జర జాగ్రత్తగ ఉండాలె.

కలవని చోట్లు గూడ ఉన్నయ్. యెరికో గోడలు కూలిన సంగతి చూడుండ్రి. 1950లల్ల ఆడ తవ్విన బ్రిటిష్ పురావస్తు పండితురాలు కాథ్లీన్ కెన్యన్, ఊరు కూలింది క్రీస్తు పూర్వం 1550 ప్రాంతంల అని తేల్చింది. యెహోషువ కాలమని ఎక్కువ మంది అనుకునే 13వ శతాబ్దంల ఆడ గోడలున్న పెద్ద ఊరు ఉన్నట్టు ఆనవాళ్లు దొరకలే. ఐగుప్తు నుంచి ఇశ్రాయేలీయులు బయటికొచ్చిన సంగతి ఐగుప్తు రాతలల్ల నేరుగ ఏడ దొరకలే. క్రీస్తు పూర్వం 1208 ప్రాంతపు మెర్నెప్తా శాసనంల మాత్రం ఇశ్రాయేలు అనే జనం కనాను దేశంల ఉన్నట్టు పేరు ఉన్నది. యేసు పుట్టుక దగ్గర ఇంకో ముడి. హేరోదు చనిపోయింది క్రీస్తు పూర్వం 4లో అని ఎక్కువ మంది లెక్క. లూకా చెప్పిన కురేనియ జనాభా లెక్క జరిగింది క్రీస్తు శకం 6లో. నడుమ పదేండ్ల తేడాను సరిచేసెటందుకు ఎన్నో వాదనలు వచ్చినయ్ గానీ ఏదీ అందరినీ ఒప్పించలే.

ఈ రెండు జాబితాలు కలిపి చూస్తేనే బొమ్మ పూర్తయితది. బైబిల్ ఒకే కాలంల, ఒకే చెయ్యితోని రాసిన పుస్తకం కాదు. రాజుల చరిత్ర ఉన్నది, పాట ఉన్నది, సామెత ఉన్నది, ఉత్తరం ఉన్నది, దర్శనం ఉన్నది. రాజుల కాలం దగ్గరికి వచ్చేకొద్ది బయటి సాక్ష్యం పెరుగుతది, ఎన్కకు పోయేకొద్ది తగ్గుతది. మొత్తం నిజమని తేలింది, మొత్తం అబద్ధమని తేలింది అనే రెండు మాటలు మట్టి చెప్తలేదు.

మూడో ప్రశ్న కాంటా మీద ఎక్కది

పౌలు కొరింథీయులకు మొదటి ఉత్తరం రాసింది క్రీస్తు శకం 50లల్ల. యేసు సిలువ ఎక్కిన పాతికేండ్ల లోపల. తిరిగి లేసిన యేసును చూసినోళ్ల పేర్లు ఆ ఉత్తరంల వరుసగ చెప్పిండు. మన ఊర్ల ముసలోళ్లు రజాకార్ల కాలం ముచ్చట్లు 75 ఏండ్లు దాటినా చెప్తనే ఉన్నరు గదా. పాతికేండ్లు మరిచిపోయేంత పెద్ద కాలం కాదు. గందుకే యేసు లేసిండని మొదటి శిష్యులు నిజంగనే నమ్మిండ్రు అన్న దాంట్ల, విశ్వాసం లేని చరిత్రకారులు గూడ ఎక్కువ మంది కాదనరు. కానీ వాళ్లు నమ్మిండ్రు అనుడు వేరు, అది జరిగింది అనుడు వేరు. మొదటిదాన్ని చరిత్ర చూపెట్టగలుగుతది. రెండోది దేవుడు ఉన్నడా, అద్భుతం జరుగుతదా అన్న నమ్మకం మీద ఆధారపడ్డది. దాన్ని ఏ తవ్వకమూ తేల్చది. ఐదు వేల ప్రతులున్నయ్ కాబట్టి దేవుని మాటనే అనుడు ఎంత తప్పో, యెరికో గోడ దొరకలే కాబట్టి దేవుడే లేడు అనుడు గూడ అంతే తప్పు.

దొంగ సాక్ష్యంతోని సేవ చెయ్యొద్దు

రాజ్యాంగం 25వ అధికరణం ప్రకారం ఎవరి మతాన్ని వాళ్లు పాటించొచ్చు, ప్రచారం గూడ చేసుకోవచ్చు. శాంతిభద్రతలు, నీతి, ప్రజల ఆరోగ్యం దెబ్బతినొద్దు. సువార్త చెప్పే హక్కు ఉన్నట్టే, ఇనెటోళ్లకు ఆధారం అడిగే హక్కు ఉన్నది. అడిగినోడిని దేవుని మీద తిరగబడ్డోని లెక్క చూడొద్దు.

తప్పుడు ఆధారం ఎంత నష్టం చేస్తదో చెప్పెటందుకు ఒక్క ఉదాహరణ చాలు. వాషింగ్టన్‌ల 2017లో తెరిచిన మ్యూజియం ఆఫ్ ది బైబిల్ దగ్గర మృత సముద్రపు చుట్టలవని కొన్న 16 ముక్కలు ఉండేటివి. 2020లో పరీక్ష రిపోర్టు వచ్చింది. పదహారుకు పదహారూ ఈ కాలంల చేసిన దొంగ ముక్కలే. పాత తోలు మీద కొత్తగ రాసినయ్. ఒక్కటి మెచ్చుకోవాలె, ఆ పరీక్ష చేయించింది ఆ మ్యూజియమే, రిపోర్టు బయటపెట్టింది గూడ వాళ్లే. కుమ్రాన్ గుహలల్ల దొరికిన అసలు చుట్టలకు దీనితోని ఏ మచ్చ రాలే. నిజం మీద నమ్మకమున్నోడు పరీక్షకు జంకడు.

ఊర్ల ఇంటర్ చదివే పిల్లగాడు ఓడ దొరికిందన్న వీడియో చూసి విశ్వాసం గట్టిపరుచుకున్నడు అనుకుందాం. రేపు పట్నం కాలేజీల ఎవరో అది అబద్ధమని పది నిమిషాలల్ల చూపెడ్తరు. అప్పుడు ఆ పిల్లగాడు వీడియోనే ఇడిచిపెట్టడు, యెషయా చుట్ట గూడ అసొంటిదే అనుకొని అంత ఇడిచిపెడ్తడు. అబద్ధాన్ని ఊతకర్ర చేసి ఇచ్చినోళ్లదే ఆ తప్పు. రోమ్ రాజు రాయించిండని నమ్మి ఎక్కిరించే పిల్లగాని సంగతీ గంతే. ఒక్క తారీఖు చూపెడితే వాని వాదం కూలుతది.

గందుకే ఫార్వర్డ్ కొట్టే ముందు నాలుగు సంగతులు చూడుండ్రి. వస్తువు ఏడ దొరికింది, ఎవరు తవ్విండ్రు? తవ్వకంల దొరికిందా, అంగట్ల కొన్నరా? ఇప్పుడు ఏ మ్యూజియంల, ఏ లైబ్రరీల ఉన్నది? ఆ మతం కాని పండితులు దాని మీద ఏమన్నరు? వీటికి జవాబు లేని వీడియో ఎంత భక్తిగ ఉన్నా, ఎంత తెలివిగ ఉన్నా పక్కకు పెట్టుండ్రి.

జవాబు ఉంటే ఇంకొకటి అడుగుండ్రి. ఇది మూడు ప్రశ్నలల్ల దేనికి జవాబు? నకల్ సరిగ్గ వచ్చిందని చెప్తున్నదా, రాజు ఉన్నడని చెప్తున్నదా, లేకుంటే దేవుని గురించి చెప్తున్నదా? ఎంత చెప్తున్నదో అంతే తీసుకోండ్రి. మిగిలింది ఎవరి మనసు వాళ్లు తేల్చుకోవాల్సిన ముచ్చట.